ఒక్క అక్షరంగా మిగిలిన ఇంటిపేరు

పోయిన ఏడాది ఒక గోండు అమ్మాయి తన సిద్ధాంత గ్రంథాన్ని చదివి పెట్టమని నాకు పంపింది. ప్రధాన్లు కింగ్రి వాయిస్తూ పాడే కథల మీద పరిశోధన. బాగా రాసింది. చివర రిఫరెన్సుల పట్టిక దగ్గర మాత్రం ఆగిపోయాను. హైమెన్‌డార్ఫ్ ఉన్నాడు. ఆయన పుస్తకాల మీద రాసినవాళ్లున్నారు. నాలుగు రాత్రులు కూర్చొని ఆమెకు కథ పాడిన ప్రధాన్ తాత లేడు. "తాతను ఎందుకు వదిలేశావమ్మా?" అని అడిగాను.

"నేను వదల్లేదు సార్, సాఫ్ట్‌వేర్ తీసుకోలేదు" అంది.

ఆ మాట మీదే ఈ వ్యాసం.

ఆమె వాడింది జొటేరో. అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో 2006లో పుట్టింది, ఉచితం. మెండెలీ లాంటివి మరికొన్ని ఉన్నాయి. పుస్తకం వెనకున్న ఐఎస్‌బీఎన్ అంకె గానీ, వ్యాసానికి ఇచ్చే డీఓఐ అంకె గానీ కొడితే రచయిత, సంవత్సరం, ప్రచురణకర్త వాటంతటవే గడుల్లో వచ్చి కూర్చుంటాయి. వ్యాసంలో కావలసినచోట పెట్టుకోవచ్చు, పట్టిక అదే తయారవుతుంది. టైపింగుకు డబ్బులు లేని మన పిల్లలకు ఇది చిన్న సాయం కాదు. నేను దీన్ని వాడొద్దని చెప్పడం లేదు. ఒక పుస్తకాన్ని విమర్శించినట్టే దీన్నీ విమర్శించాలంటున్నాను. ఎందుకంటే ఎవరు రచయిత, ఏది గ్రంథం అన్న అభిప్రాయం ఆ గడుల్లోనే ఉంది.

ముందు పేరు సంగతి. మర్లవాయి గుస్సాడీ గురువు కనక రాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. కనక ఇంటిపేరు, రాజు పేరు. వెబ్ పేజీ నుంచి పేరు లాగేటప్పుడు ఈ పనిముట్లు మామూలుగా చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటాయి. అప్పుడు పట్టికలో 'రాజు, కె.' అని పడుతుంది. లోకంలోని రాజులందరి మధ్య ఈయన కలిసిపోతాడు. సమ్మక్క సారలమ్మ కథను డోలి మీద పాడిన సకిని రామచంద్రయ్య 'రామచంద్రయ్య, ఎస్.' అవుతాడు. మైదానం తెలుగువాళ్లకూ ఇదే తిప్పలు, నిజమే. కానీ గోండుకు ఇంటిపేరు ఉత్త గుర్తు కాదు. ఏ సగ, ఎందరు దేవతలు, ఎవరితో వియ్యం, ఎవరితో కూడదు, అంతా అందులో ఉంది. కోయకు గట్టు ఎట్లాగో అట్లా. దాన్ని ఒక్క అక్షరానికి కుదిస్తే పోయేది సంబంధాల లెక్క.

అదే హైమెన్‌డార్ఫ్ పేరు చూడండి. ఇంటిపేరు ముందు 'ఫాన్' అనే చిన్న మాట ఉంటుంది. అటువంటి మాటల కోసమే సైటేషన్ శైలులు రాసే భాషలో రెండు వేర్వేరు గడులున్నాయి: ఇంటిపేరును ఒంటరిగా రాసినప్పుడు వదిలేసే రకం, వదలని రకం. చైనా, జపాన్ లిపుల్లోని పేర్లను ఇంటిపేరు ముందుంచి చూపే నియమం కూడా ఉంది. అంటే యంత్రానికి చేతగాక కాదు. అడిగినవాళ్లకు జరిగింది.

ఇక తాత సంగతి. ఆ అమ్మాయి వాడాల్సిన శైలి ఏపీఏ. అందులో ఒక మనిషి నోటివెంట విన్నది 'వ్యక్తిగత సంభాషణ'. దాన్ని పేరాలో బ్రాకెట్‌లో చెప్పాలి, పట్టికలోకి రానివ్వకూడదు. పాఠకుడు వెళ్లి వెతికి చూసుకోలేడు కాబట్టి అని కారణం చెబుతారు. ఏడో కూర్పులో ఆదివాసుల మౌఖిక జ్ఞానం గురించి ప్రత్యేకంగా రాశారు. చెప్పిన మనిషి పూర్తి పేరు, జాతి, ఊరు ఇవ్వమన్నారు. ఒక అడుగు ముందుకు వేశారు, గడప మాత్రం దాటలేదు. రికార్డు కాని మాటకు ఇప్పటికీ పట్టికలో చోటు లేదు. ప్రధాన్ల కథల్ని హైమెన్‌డార్ఫ్ రాసుకొని 1948లో 'ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్' పుస్తకంలో వేశాడు, అది గ్రంథం. అలాంటి కథే ఇవాళ పాడితే సంభాషణ. వెళ్లి చూసుకోలేరట! ఆదిలాబాద్‌కు బస్సు ఉంది.

కెనడాలో జేమ్స్ స్మిత్ క్రీ నేషన్‌కు చెందిన లొరీసియా మెక్లౌడ్ అనే లైబ్రేరియన్ ఈ గడపనే దాటింది. పెద్దల మాటను పుస్తకంతో సమానంగా పట్టికలో చేర్చే నమూనాను నార్‌క్వెస్ట్ కాలేజీలో రూపొందించి, 2021లో దాని మీద వ్యాసం రాసింది. పేరు, జాతి, ఉండే చోటు, చెప్పిన విషయం, తేదీ. అంతే. మనకు సగ, గట్టు కలుపుకుంటే చాలు. అయితే చెప్పినవాళ్ల అనుమతి లేకుండా ఏదీ ఎక్కించకూడదు. కొన్ని కథలు పూజ దగ్గరే పాడాలి, వాటికి పట్టిక తగదు.

వెతుకులాట దగ్గర ఇంకో చిక్కు. కుమ్రం, కుమురం, కొమురం, కొమరం: తెలుగులోనే భీం ఇంటిపేరుకు ఇన్ని రాతలు. ఇంగ్లీషు అక్షరాల్లో మరో అరడజను. ఒక రాత కొడితే మిగతా రాతల్లో ఉన్నవన్నీ దొరుకుతాయన్న భరోసా లేదు. పాత గ్రంథాలయాల్లో కార్డు మీద 'ఫలానా పేరు కింద చూడుము' అని రాసేవారు. ఆ పాటి పని ఈ కొత్త పనిముట్లు మన పేర్లకూ చేయాలి.

ఇందులో మన తప్పూ ఉంది. మన పుస్తకాలు, సంచికలు చాలా భాగం అను ఫాంట్లలో కంపోజ్ అయ్యాయి. ఆ పీడీఎఫ్‌లో తెలుగు మాట వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. కంటికి తెలుగు, యంత్రానికి చెత్త. గుంజాల గోండి లిపికి 2018లోనే యూనికోడ్‌లో చోటు దొరికింది. మనం మాత్రం తెలుగును కూడా యూనికోడ్‌లో వేయడానికి బద్ధకిస్తున్నాం. ఈ చిన్న పుస్తకం ఏ ఫాంటులో వస్తుందో సంపాదకులను అడగాలి.

ఈలోగా చేయగలిగింది చేసుకోవాలి. జొటేరోలో పేరు గడి పక్కన చిన్న మీట ఉంది. అది నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి. అందులో 'కనక రాజు' అని రాస్తే అట్లాగే ఉంటుంది, తలకిందులు కాదు. మౌఖిక కథకు 'ఇంటర్వ్యూ' రకం ఎంచుకొని పాడిన మనిషిని ముందు పెట్టవచ్చు. శైలి దాన్ని పట్టికలో వేయకపోతే చేత్తో రాయండి. గైడు కొట్టేస్తే ఎందుకు రాశారో ముందుమాటలో చెప్పండి.

ఆ అమ్మాయి అట్లాగే చేసింది. గైడు రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడట. పట్టిక అచ్చు తీసుకొని ఊరికి వెళ్లి తాతకు చదివి వినిపించింది. ఆయన తన పేరు విని తల ఊపి, "ఎవరింటి కథో రాశావా?" అని అడిగాడు. ప్రధాన్ పాడేది తన దాతల వంశం కథ. పాట ఆయనది, కథ వాళ్లది. అక్కడినుంచే నాకు ఫోన్ చేసింది: "సార్, వంశం పేరు ఏ గడిలో వేయాలి?"

రచయిత గడిలో పట్టదు, ప్రచురణకర్త గడిలో అసలు పట్టదు. ప్రస్తుతానికి 'ఎక్స్‌ట్రా' అని అడుగున ఒక గడి ఉంటే అందులో పెట్టించాను.