సిలబస్‌లో లేని సన్నాయి

మా బి.ఏ. చరిత్ర పుస్తకంలో మొఘలుల సాంస్కృతిక సేవ అని ఒక పాఠం ఉండేది. తాజ్‌మహల్‌కి రెండు పేజీలు, తాన్‌సేన్‌కి ఒక వాక్యం. మూడేళ్లలో ఒక్క రాగం కూడా మా చెవిన పడలేదు. పాట వినకుండానే సంగీతం మీద రెండు మార్కుల జవాబు రాసి బయటపడ్డాం.

సంగీత కళాశాలలు ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, అక్కడ పాడేవాళ్లు తయారవుతారు. నేనడిగేది వినేవాళ్ల సంగతి. చరిత్ర చదివే కుర్రాడికి ఖయాల్ వినడం ఎందుకు నేర్పరు? మహమ్మద్ షా దర్బారులో సదారంగ్ పేరుతో నియామత్ ఖాన్ కట్టిన బందిష్‌లు వింటే, ఆ కాలాన్ని ‘పతనం’ అన్న ఒక్క ముక్కతో కొట్టిపారేసే పుస్తకాన్ని ఆ కుర్రాడే నిలదీస్తాడు.

అయితే సిలబస్‌లో చేరిస్తే చాలదు. ఏ కథ చెబుతారన్నదే అసలు పేచీ. ఆధునిక సంగీత విద్య అనగానే భాత్‌ఖండే, 1926లో లక్నోలో మొదలైన మారిస్ కాలేజీ. ఆయన శ్రమను తక్కువ చేయను. ఘరానాల్లో దాగిన బందిష్‌లను సేకరించి స్వరలిపిలో అచ్చేశాడు, రాగాలను పది థాట్‌లుగా సర్దాడు. కానీ ఎవరి నోట విని రాసుకున్నాడో ఆ ఉస్తాదుల్లో చాలామందికి శాస్త్రం తెలియదని తేల్చాడు. ఉస్తాదు ముడిసరుకు అయ్యాడు, పండితుడు గ్రంథకర్త అయ్యాడు. అంతకు నలభై ఏళ్ల ముందే, 1886లో, బరోడాలో సంగీత పాఠశాల పెట్టిన మౌలాబఖ్ష్ మైసూరు వెళ్లి కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాడు, సొంతంగా స్వరలిపి తయారుచేసినవాడు. ఆయన పేరు ఎంతమంది ఎం.ఏ.లకు తెలుసు?

మన దగ్గరికొద్దాం. ఒంగోలు పక్క కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడ్డాడు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది. ‘ముస్లిం అయినా త్యాగరాజును ఊదాడు’ అని మెచ్చుకుంటారు. ఆ ‘అయినా’ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది. నాచ్చియార్‌కోవిల్ విద్వాంసుల దగ్గర కూర్చుని తంజావూరు బాణీని ఆయన ఎలా పట్టాడో చెప్పే పాఠం మాత్రం లేదు.

మనమూ తక్కువ తినలేదు. పెళ్లిలో ఖవ్వాలీ కావాలి. గుడి ముందు సన్నాయి ఊదే దూదేకుల సాయిబును మాత్రం ‘వాళ్లు మనవాళ్లేనా’ అనడం గుంటూరు జిల్లాలోని మా నానీ ఇంట్లోనే విన్నాను. బడే గులాం అలీ ఖాన్ 1968లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. ఆ ఊళ్లోనే ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఆ సంగతి ఉద్యోగంలో చేరాక, పాత పేపర్లు తిరగేస్తుంటే తెలిసింది. బడీ చెప్పలేదు, మా అబ్బా చెప్పలేదు.