బెణుక్కి కలిపిచ్చే మందు

కంపెనీ మందు ఏదో కారణంతో ఒక రోగికి సరిపడనప్పుడు, డాక్టరు చీటీ చూసి ఆ ఒక్కరి కోసం ఫార్మసిస్టు కలిపి ఇచ్చేది కాంపౌండెడ్ మందు. ఒకప్పుడు మన ఆసుపత్రుల్లో కాంపౌండరు సీసాలో పోసి, మోతాదు తెలిసేలా కాగితం పట్టీ కత్తిరించి అంటించిన మిక్స్చరూ ఈ కోవలోదే. ఆటగాళ్ల గాయాలకు ఈ పద్ధతి బాగా పాకింది మాత్రం అమెరికాలో.

చీలమండ బెణికినా, మోచేయి టెండన్ వాచినా అక్కడ ఇలా కలిపించేవి ఎక్కువగా పూత మందులే. నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలను ఇబ్బంది పెడతాయి. పూతకు ఆ బెడద తక్కువ. మోకాలికి రాసిన డైక్లోఫెనాక్ జెల్ నుంచి రక్తంలో చేరే మందు, మాత్ర మింగితే చేరేదానిలో దాదాపు 6 శాతమే. అయితే చర్మం పైపొర దేన్నీ అంత తేలిగ్గా లోపలికి పోనివ్వదు. అందుకే ఫార్మసిస్టు పనితనం మందులో కన్నా దాన్ని మోసుకుపోయే జెల్‌లో తెలుస్తుంది. లెసిథిన్‌తో ప్లూరోనిక్ ద్రావణాన్ని కలిపి చేసేది వీటిలో పేరుపడింది. చల్లగా ఉంటే నీళ్లలా జారే ప్లూరోనిక్, వేడి తగిలితే చిక్కబడుతుంది. అందులో వాపు తగ్గడానికి కీటోప్రోఫెన్, కండరం సడలడానికి బాక్లోఫెన్, సైక్లోబెంజాప్రిన్, మొద్దుబారడానికి లిడోకెయిన్ కలుపుతారు.

నాలుగు మందులు ఒక్క క్రీములో అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశ మీదే అమెరికా సైనికుల ఆరోగ్య పథకానికి బిల్లులు తడిసి మోపెడయ్యాయి. చివరికి 399 మందితో పరీక్ష జరిపారు. 2019లో వెలువడిన ఫలితం ప్రకారం, మందు లేని ఉత్త క్రీము రాసుకున్నవారికీ, మందులు కలిపిన క్రీము రాసుకున్నవారికీ ఉపశమనంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అది తాజా బెణుకుల మీద చేసిన పరీక్ష కాదన్నది నిజమే. కానీ తాజా బెణుకులకు డైక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ జెల్‌లు ఒంటరిగానే బాగా పనిచేస్తాయని ముందే రుజువైంది. మందుల షాపులో దొరికేదాన్ని మళ్లీ కలిపించుకోవడం డబ్బు దండగే.

కలిపించక తప్పని సందర్భాలు కొన్నే. కంపెనీ జెల్‌లోని ఏదో పదార్థం పడక దద్దుర్లు రావచ్చు. స్వల్ప విద్యుత్తుతో చర్మంలోకి పంపే డెక్సామెథసోన్ ద్రావణంలాంటివి కావలసిన మోతాదులో దొరకకపోవచ్చు.

ఇంజెక్షన్ల సంగతి వేరు. 2012లో మసాచుసెట్స్‌లోని ఒక కాంపౌండింగ్ ఫార్మసీ తయారుచేసిన స్టెరాయిడ్ ఇంజెక్షన్లలో బూజు చేరింది. వెన్ను నొప్పికీ కీళ్ల నొప్పికీ వాటిని వేయించుకున్నవారిలో 750 మందికి పైగా జబ్బుపడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతోనే 2013లో అక్కడ కొత్త చట్టం వచ్చింది. అయినా ఇలా కలిపిన మందులకు కంపెనీ మందులకున్నట్టు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం ఉండదు.

పోటీల్లో దిగేవారికి డోపింగ్ నిబంధనలతో ఇంకో చిక్కుంది. కార్టిసోన్ జాతి స్టెరాయిడ్లను చర్మానికి రాసుకోవచ్చు గానీ, 2022 జనవరి నుంచి పోటీ సమయంలో వాటి ఇంజెక్షన్ ఏదైనా నిషిద్ధమే. అందువల్ల కలిపిన మందు తీసుకునే ఆటగాడు, అందులో ఏమేం పడ్డాయో పూర్తి జాబితా రాయించుకోవాలి. శాంపిల్‌లో నిషిద్ధ పదార్థం తేలితే ముందుగా జవాబు చెప్పుకోవలసింది డాక్టరూ ఫార్మసిస్టూ కాదు, అతడే.