సూక్ష్మశిరస్కత: వోగ్ట్ వాదము – ఒక విమర్శ

కార్ల్ వోగ్ట్ జినీవా నగరమున ఆచార్యుడుగా నుండిన ప్రసిద్ధ జంతుశాస్త్రవేత్త. మిక్కిలి చిన్న తలతో పుట్టిన మానవులను గూర్చి ఆయన 1867లో ఒక గ్రంథమును ప్రకటించెను. దాని పేరులోనే ‘వానర మానవులు’ అను మాట కలదు. నాలుగేండ్ల పిమ్మట, 1871లో, మానవుని పుట్టుకను గూర్చిన తన గ్రంథమున డార్విన్ దీనిని మెచ్చుకొని ఉదాహరించెను. అందువలన వోగ్ట్ వాదమునకు గొప్ప గౌరవము కలిగెను. పరిణామ సిద్ధాంతమును బోధించు ఉపాధ్యాయుడు డార్విన్ గ్రంథమును తెరచినచో ఈ భాగము కంటబడక మానదు. దానిని ఎట్లు చదువవలెనో తెలిసియుండుట అవసరము.

తల చుట్టుకొలత వయస్సునకు తగిన సగటుకంటె చాల తక్కువగా నుండుటను వైద్యులు మైక్రోసెఫలీ అందురు. తెలుగున సూక్ష్మశిరస్కత అనవచ్చును. వోగ్ట్ ఇట్టివారి కపాలములను కొలిచెను. మెదడుపై మడతలు తక్కువగా నుండుటను గమనించెను. వారి నడవడికను వర్ణించెను. ఈ కొలతలు వానరముల కొలతలకు దగ్గరగా నున్నవి కనుక వీరిలో మన పూర్వికుల దశ మరల పైకి వచ్చినదని నిర్ణయించెను.

గ్రంథమునందలి మేలును మొదట చెప్పుట న్యాయము. ఈ స్థితి గర్భమునందే మెదడు పెరుగుదల కుంటుపడుటచే కలుగునని వోగ్ట్ గ్రహించెను. అది సత్యము. ఆ కాలమున మానవ పూర్వికుల శిలాజములు మిక్కిలి అరుదు. నియాండర్తాల్ అస్థికలు 1856లో దొరకినవి. జావా మానవుని అస్థికలు 1891 వరకు బయటపడనే లేదు. భూమిలో దొరకని సాక్ష్యమును బ్రతికియున్నవారిలో వెదకవలెనని పరిణామవాదులకు తోచుటలో వింత లేదు.

అయితే ఈ నిర్ణయమున రెండు పెద్ద లోపములు కలవు. మొదటిది తర్కమునకు సంబంధించినది. చింపాంజీ మెదడు పరిమాణము సుమారు 400 ఘన సెంటీమీటర్లు. మానవునిది సుమారు 1350. సూక్ష్మశిరస్కుని మెదడు చింపాంజీ మెదడంత ఉండవచ్చును. కాని పరిమాణము కలిసినంతమాత్రమున నిర్మాణము కలిసినట్లు కాదు. ఇటుకలు చాలక చిన్నదిగా ముగించిన మేడను చూచి, తాతలనాటి పూరిల్లు ఇట్లే యుండెడిదని ఎవ్వరును చెప్పరు. చింపాంజీ మెదడు తన జాతికి సంపూర్ణమైనది. సూక్ష్మశిరస్కునిది కణములు తగ్గిన మానవ మెదడు.

రెండవ లోపము పరిశీలనకు సంబంధించినది. వీరికి మాట రాదని వోగ్ట్‌ను అనుసరించి డార్విన్ వ్రాసెను. కాని వంశపారంపర్యముగా వచ్చు సూక్ష్మశిరస్కత గలవారిలో అనేకులు ఆలస్యముగానైనను మాటలు నేర్చుకొందురు, నడతురు, తమ పనులు తాము చేసికొందురు. బుద్ధిమాంద్యము ఒకరిలో స్వల్పముగా, మరొకరిలో అధికముగా నుండును. ఆదరణలేక పెరిగినవారిని చూచి, ఆ లోటును కూడ పుట్టుకకే అంటగట్టుట పరిశీలన అనిపించుకొనదు.

జర్మనీ దేశపు విర్కో నాడే వోగ్ట్‌ను ఖండించెను. ఇది రోగమేకాని పూర్వికుల రూపము కాదనెను. ఆ మాట సరియైనది. కాని కపాలపు అతుకులు ముందుగా మూసికొనిపోవుటయే కారణమను తలంపు ఆ వెంటనే వ్యాపించెను. పారిస్ నగరమున లానెలాంగ్ 1890లో పసిపిల్లల కపాలమును కోసి మెదడునకు చోటు కల్పింప యత్నించెను. ఇతరులును ఆ మార్గమునే త్రొక్కిరి. పెక్కుమంది పిల్లలు మరణించిరి. 1894లో జకోబీ అను అమెరికా శిశువైద్యుడు ఈ శస్త్రచికిత్సలను తీవ్రముగా నిరసించెను. నిజమునకు మెదడు పెరిగినకొలదియే కపాలము పెరుగును. ఈ పిల్లలలో మెదడు చిన్నది కనుక కపాలము చిన్నది. కార్యమును కారణమనుకొన్న ఫలితము ఆ పసివారి ప్రాణములమీదికి వచ్చెను.

అసలు కారణము 2002లో వెల్లడియైనది. ఏఎస్‌పీఎం అను జన్యువులోని దోషములు ఈ స్థితికి ముఖ్యకారణమని ఇంగ్లండులోని లీడ్స్ పరిశోధకులు కనుగొనిరి. గర్భస్థ శిశువు మెదడులోని కుహరముల అంచున మూలకణములుండును. అవి మొదట ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరిగి, పిదప నాడీకణములను పుట్టించును. విభజన సమయమున క్రోమోసోములను పంచు కండె కొనలయొద్ద ఈ జన్యువునకు చెందిన ప్రోటీను పనిచేయును. అది లోపించినచో మూలకణములు తగినంతగా పెరుగకమునుపే తరిగిపోవును. పది విభజనలలో ఒక కణము 1024 అగును. తొమ్మిదింటిలో 512 మాత్రమే. ఒక్క విభజన తగ్గినను సగము పోవుననుటకు ఈ లెక్కయే చాలును. ఫెరెట్ అను చిన్న మాంసాహార జంతువులో ఈ జన్యువును తొలగింపగా మెదడు బరువు 40 శాతము వరకు తగ్గినట్లు 2018లో ప్రకటింపబడెను.

జీకా వైరసు మరియొక సాక్షి. 2015లో బ్రెజిల్ దేశమున అది వ్యాపించినప్పుడు ఎందరో శిశువులు చిన్న తలలతో పుట్టిరి. ఆ వైరసు ఈ మూలకణములనే దెబ్బతీయును. పూర్వికులను మేల్కొలుపు శక్తి వైరసునకు లేదు గదా!

అయినను పాత తలంపు సులభముగా చావదు. ఏఎస్‌పీఎం మొదలగు జన్యువుల కొన్ని రూపములు కొన్ని జనసమూహములలోనే ఇటీవల వ్యాపించినవని 2005లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. వెంటనే కొందరు దానిని జాతుల తెలివితేటలకు ముడిపెట్టిరి. 2007లో పరీక్షించి చూడగా ఆ రూపములకును తెలివికిని సంబంధము కనబడలేదు. ఈ పరీక్షలో మొదటి పరిశోధకులును పాల్గొనుట మెచ్చదగినది.

మేనరికములు గల తెలుగునాట ఈ విషయము దూరపుది కాదు. ఈ దోషము తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి చేరినప్పుడే బయటపడును. తలిదండ్రు లిరువురును ఆరోగ్యవంతులే. ప్రతి కాన్పునందును బిడ్డకు సోకు అవకాశము 4లో 1 వంతు. మేనత్త, మేనమామ బిడ్డలకు సగటున 8లో 1 వంతు జన్యువులు ఉమ్మడిగా నుండును. మేనమామకును మేనకోడలికిని 4లో 1 వంతు. అందుచేతనే దగ్గరి వివాహములలో ఇట్టి దోషములు కలిసికొనుట హెచ్చు. తల్లిని మాత్రమే నిందించువారికి ఈ లెక్కయే జవాబు.

డార్విన్ గ్రంథమునుండి ఈ భాగమును దాచిపెట్టనక్కరలేదు. పరిణామ సిద్ధాంతము దీనిపై నిలువలేదు; ఇది తొలగిపోయినను దానికి లోటు లేదు. తరగతిలో దీనిని చదివించి, ఎక్కడ తప్పినదో విద్యార్థులచేతనే చెప్పింపవచ్చును. అది తెలిసిన విద్యార్థి, వీథిలో చిన్న తలగల బిడ్డ కనబడినప్పుడు కోతి అని నవ్వడు, నవ్వువారిని నవ్వనీయడు.