గోడల మధ్య మైకు

‘ఇయర్ హజిల్’ పాడ్‌కాస్ట్ తొలి సీజన్లు విన్నవాళ్లకు లెఫ్టినెంట్ శామ్ రాబిన్సన్ గొంతు బాగా గుర్తుంటుంది. ఆయన అప్పట్లో కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైలు అధికారి. బయటి ప్రపంచంతో, పత్రికలతో మాట్లాడే బాధ్యత ఆయనదే. ఖైదీలు తయారుచేసిన ప్రతి ఎపిసోడ్‌నీ ముందుగా ఆయన వినాల్సి ఉండేది. విన్నాక, దీనికి నా ఆమోదం ఉందని తన నోటితోనే చెప్పేవాడు. ఒక్కోసారి కథ మీద ఓ చిన్న విసురు కూడా విసిరి వెళ్లేవాడు. జైల్లోంచి వచ్చే ఏ మాటకైనా సెన్సారు తప్పదు. మామూలుగా ఆ సెన్సారు ఎవరో, ఏం కోసేశాడో శ్రోతకు తెలియదు. వీళ్లు మాత్రం ఆయన్నే మైకు ముందుకు లాక్కొచ్చి ఒక పాత్రను చేసేశారు. అడ్డొచ్చినదాన్ని దాచిపెట్టకుండా కథలోకి తెచ్చుకోవడం జైలు ఆడియోలో అన్నిటికన్నా పెద్ద విద్య.

ఈ కార్యక్రమం పుట్టుక కూడా అలాంటిదే. నైజెల్ పూర్ ఫొటోగ్రాఫర్, శాక్రమెంటోలోని స్టేట్ యూనివర్సిటీలో అధ్యాపకురాలు. 2011లో శాన్ క్వెంటిన్ ఖైదీలకు ఫొటోగ్రఫీ చరిత్ర చెప్పడానికి స్వచ్ఛందంగా వెళ్లారు. లోపలి మనుషులతో పరిచయాలు పెరిగాక ఆమె దృష్టి బొమ్మ మీంచి గొంతు మీదికి మళ్లింది. అక్కడే ఎర్లాన్ వుడ్స్ తోడయ్యాడు. దోపిడీకి ప్రయత్నించిన కేసులో అతనికి 31 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పడింది. మూడోసారి దొరికితే యావజ్జీవం దాకా శిక్ష వేసే ‘త్రీ స్ట్రైక్స్’ చట్టం ఫలితమది. శబ్దాల పని ఆంట్వాన్ విలియమ్స్ అనే మరో ఖైదీ ఎత్తుకున్నాడు. 2016లో రేడియోటోపియా అనే పాడ్‌కాస్ట్ సంస్థ కొత్త కార్యక్రమాల కోసం పోటీ పెడితే పదిహేను వందలకు పైగా ఎంట్రీలు వచ్చాయి. వాటిలో గెలిచింది ఇంటర్నెట్ కనెక్షన్ కూడా లేని ఈ బృందం. 2017 జూన్‌లో మొదటి ఎపిసోడ్ వచ్చింది.

ఆ ఎపిసోడ్ దేని గురించో చూడండి. హత్య గురించీ కాదు, పారిపోవడం గురించీ కాదు. ఒకే సెల్లులో ఇద్దరు ఎలా బతుకుతారన్నది విషయం. శాన్ క్వెంటిన్ సెల్లు సుమారు నాలుగడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. మన నవారు మంచం ఒకటి వేస్తే పక్కన అడుగు తీసి అడుగు వేయడమే కష్టమయ్యే వెడల్పది. అందులోనే ఒకదాని మీద ఒకటిగా రెండు పడకలు, మరుగుదొడ్డి, ఇద్దరి సామాన్లు. పక్కవాడు గురక పెడతాడా, శుభ్రంగా ఉంటాడా, తనకు ఒంటరిగా కాసేపు కావాలంటే అర్థం చేసుకుంటాడా? అక్కడ జీవన్మరణ సమస్యలంటే ఇవే. పట్టుబట్టి ఒకే సెల్లు తెచ్చుకున్న ఇద్దరు అన్నదమ్ములు కూడా అందులో మాట్లాడతారు. రక్తసంబంధం ఉంది కదా, సర్దుకుపోతారనుకుంటాం. సర్దుకోలేకపోయారు.

నేరం గురించి అడగకుండా గురక గురించి అడగడం పైకి తప్పించుకోవడంలా కనిపిస్తుంది. నిజానికి అది ఆలోచించి వేసిన అడుగు. నువ్వేం చేశావని అడిగితే ఏ ఖైదీ దగ్గరైనా జవాబు సిద్ధంగా ఉంటుంది. పోలీసులకు, కోర్టుకు, పెరోల్ బోర్డుకు చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబది. పక్క మంచం వాడి సంగతి మాత్రం ఎప్పుడూ ఎవరూ అడిగి ఉండరు. అందుకే అక్కడ మాట తడబడుతుంది, నవ్వొస్తుంది, దాచుకున్నదేదో జారిపోతుంది. జైల్లో పురుగూ పుట్రా, చిన్న చిన్న జీవాలను చేరదీసి పెంచే ఒక మనిషి కథ మరో ఎపిసోడ్‌లో ఉంది. మాట ఆ జీవాలతో మొదలై అతని బాల్యంలోకి దానంతటదే వెళ్తుంది. తిన్నగా బాల్యం గురించే అడిగి ఉంటే అతను అంత దూరం వచ్చేవాడని నమ్మలేం.

ఇద్దరు వ్యాఖ్యాతలు ఉండడమూ ఊరికే కాదు. లోపలివాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పనిలేదు, బయటివాళ్లకు విడమరచకపోతే ముక్క అర్థం కాదు. కాబట్టి నైజెల్ బయటి మనిషిగా అడిగేవారు, వుడ్స్ లోపలి మనిషిగా చెప్పేవాడు. ఆమె జాలిపడబోయిన చోట అతను నవ్వేసేవాడు, తేలిగ్గా తీసుకున్న చోట ఆపి సరిదిద్దేవాడు. ఈ ఎదురుబొదురు మాటలు లేకపోతే ఆ కథలు సగం సానుభూతి, సగం సంచలనంగా మిగిలిపోయేవి.

శబ్దం సంగతి వేరు. జైలంటే ఎప్పుడూ నిశ్శబ్దం లేని చోటు. ఇనప తలుపులు, మైకులో పిలుపులు, అలారాలు, పక్క సెల్లు కేకలు. స్టూడియోలో అయితే ఇవన్నీ చెత్త. ఇక్కడ ఇవే ముడిసరుకు. జైలు ఫోను కూడా అంతే. మాట మధ్యలో ఒక రికార్డు గొంతు దూరి, ఇది ఫలానా జైలు నుంచి వస్తున్న కాల్ అని గుర్తుచేస్తుంది. పెన్సిల్వేనియాలో మరణశిక్ష ఖైదీగా ఏళ్ల తరబడి రేడియో వ్యాఖ్యానాలు చేసిన జర్నలిస్టు ముమియా అబూ జమాల్ రికార్డింగుల్లో ఆ యంత్రపు గొంతు వినిపిస్తే, వివరణ అక్కర్లేకుండానే గోడ కనిపిస్తుంది. అమెరికా జాతీయ ప్రజా రేడియో 1994లో ఆయన వ్యాఖ్యానాలు ప్రసారం చేస్తామని చెప్పి, విమర్శలు రాగానే వెనక్కి తగ్గింది. ‘ప్రిజన్ రేడియో’ అనే చిన్న సంస్థ మాత్రం వాటిని రికార్డు చేయడం మానలేదు.

ఇదంతా లోపలి గొంతు బయటికి రావడం. బయటి గొంతు లోపలికి వెళ్లే సంప్రదాయం ఇంకా పాతది. హ్యూస్టన్‌లో రే హిల్ అనే మాజీ ఖైదీ 1980లో ‘ప్రిజన్ షో’ మొదలుపెట్టాడు. ములాఖత్‌కు అంతదూరం వెళ్లలేని తల్లులు, భార్యలు రేడియోకు ఫోన్ చేస్తారు. పిల్లాడికి పన్నూడిందని, కారు చెడిపోయిందని చెప్తారు. లోపల ఉన్న మనిషి చిన్న ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని వింటాడు. తిరిగి ఒక్క మాట కూడా అనలేడు. సాహిత్య విలువలతో తూచితే ఇందులో ఏమీ లేదు. వినాల్సిన మనిషి ఎవరో ఇంత కచ్చితంగా తెలిసిన ప్రసారం మాత్రం ఇంకొకటి దొరకడం కష్టం.

బ్రిటన్‌లో 2007లో లండన్‌లోని బ్రిక్స్‌టన్ జైల్లో ఒక రేడియో స్టేషన్ మొదలైంది. 2009లో అది దేశంలోని జైళ్లకు ప్రసారమయ్యే నేషనల్ ప్రిజన్ రేడియోగా పెరిగింది. సెల్లులోని టీవీలోనే ఒక చానెల్‌గా వస్తుంది. ఖైదీలే కార్యక్రమాలు చేస్తారు. ఇంటివాళ్లు కోరిన పాటలు పేర్లతో సహా వేస్తారు. మన రేడియో ‘జనరంజని’లో ఊరి పేరు, మనిషి పేరు వినపడితే ఎంత సంబరమో తెలిసినవాళ్లకు దాని బలం చెప్పక్కర్లేదు.

మన దేశంలో తిహార్, యెరవాడ జైళ్లలో రేడియో ఉంది. ‘శంకర్‌దాదా జిందాబాద్’ మాతృకలో రేడియోలో మాట్లాడే పాత్ర వేసిన సంజయ్ దత్, నిజంగానే యెరవాడలో శిక్ష అనుభవిస్తూ ఆర్‌జేగా పనిచేశాడు. రచయిత కూడా ఇంత చక్కగా కుదర్చలేడు. ఢిల్లీలో జర్నలిజం బోధించే వర్తికా నందా తన ‘తిన్‌కా తిన్‌కా’ సంస్థ ద్వారా 2019లో ఆగ్రా జిల్లా జైల్లో, 2021 నుంచి పానిపట్ మొదలుకుని హర్యానా జైళ్లలో రేడియో పెట్టించారు. ఖైదీలకే శిక్షణ ఇచ్చి వ్యాఖ్యాతలను చేశారు. కోవిడ్‌తో ములాఖత్‌లు ఆగిపోయినప్పుడు ఆగ్రాలో ఈ రేడియో బాగా పనికొచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. లండన్ ఖైదీకి తన టీవీ కట్టేసే వీలుంది. మన దగ్గర స్పీకర్లలో వచ్చే జైలు రేడియోను బ్యారక్‌లో ఉన్నవాడు వద్దనుకోలేడు. భజనలు, నీతి బోధలు ఎక్కువైతే అది కూడా శిక్షలో భాగమైపోతుంది. పైగా ఆ రేడియో చాలావరకు అక్కడే పుట్టి అక్కడే ఆగుతుంది, గోడ దాటి మనదాకా రావడం తక్కువ.

అయినా రేడియోకున్న సౌలభ్యం పుస్తకానికి లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ నవల రాసింది జైల్లోనే. తెలుగులో జైలు సాహిత్యానికి కొదవ లేదు, కానీ దాదాపు అంతా చదువుకున్న రాజకీయ ఖైదీలదే. దొంగతనం కేసులో లోపలికెళ్లిన కూలీ ‘మాలపల్లి’ రాయలేడు. మైకు ఇస్తే చెప్పగలడు. 2022 జాతీయ గణాంకాల్లో మన జైళ్లలో ఉన్నవాళ్లలో 75 శాతానికి పైగా ఇంకా తీర్పు రాని విచారణ ఖైదీలే. వాళ్లకు కేసు ఊసెత్తని ప్రశ్నలే అక్షరాలా రక్ష. మాట తేలిగ్గా జారే చోట, జారిన మాట కోర్టులో ఎదురు తిరగకూడదు కదా.

మళ్లీ శాన్ క్వెంటిన్‌కు వస్తే, 2018 నవంబరులో గవర్నర్ జెర్రీ బ్రౌన్ వుడ్స్ శిక్ష తగ్గించడంతో అతను బయటికొచ్చాడు, పాడ్‌కాస్ట్‌లోనే ఉద్యోగంలో చేరాడు. లోపలి వ్యాఖ్యాతగా రహ్సాన్ థామస్ వచ్చాడు. 2020లో ఆడియో విభాగానికి మొట్టమొదటి పులిట్జర్ బహుమతి ఇచ్చినప్పుడు తుది జాబితాలో ‘ఇయర్ హజిల్’ పేరుంది. అప్పటికి థామస్ ఇంకా ఖైదీయే. కొద్ది వారాలకే మరో జైలు నుంచి తరలించిన ఖైదీలతో కోవిడ్ వచ్చి శాన్ క్వెంటిన్‌ను చుట్టేసింది. రెండు వేల మందికి పైగా ఖైదీలకు సోకింది, 28 మంది చనిపోయారు. రికార్డింగ్ గది మూతపడింది. బృందం ఉత్తరాల మీద, పదిహేను నిమిషాలకు తెగిపోయే ఫోన్ల మీద ఆధారపడి పని నడిపింది.