చంపకమాలలో ఇరవై అంకెలు

చదరంగం బల్ల మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు. ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లకూ కలిపి 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. ఈ ఇరవై అంకెలనూ పావులూరి మల్లన ఒక్క చంపకమాల పద్యంలో పెట్టాడు. రాజరాజనరేంద్రుడి కాలపు కవిగా చెప్పే మల్లన, మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేశాడు. పావులూరి గణితం అంటే అదే.

అంకెకు బదులు మాట వేయడం భూతసంఖ్యా పద్ధతి. చంద్రుడు ఒకడే కనుక 1, వేదాలు 4, మన్మథుడి బాణాలు 5, కులపర్వతాలు 7, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి, చెప్పిన మాటలను కుడి నుంచి ఎడమకు అంకెలుగా వేసుకుంటూ పోవాలి. ఒక్కో అంకెకు ఎన్నో పర్యాయపదాలు ఉండటమే కవికి వెసులుబాటు. మల్లన ఏడును ఒకచోట నగమనీ, ఒకచోట భూధరమనీ, మరోచోట గిరి అనీ అన్నాడు. ఆ ఎంపిక వెనక ఛందస్సు ఉంది. పక్కపక్కనే వచ్చిన రెండు అయిదుల్లో మొదటిది శరం, రెండోది సాయకం. మొదటి పాదం ‘శ’తో మొదలైంది కాబట్టి పదకొండో అక్షరం దగ్గర యతికి ‘సా’ సరిపోయింది. భూధర, కుంజర శబ్దాలు పాదం చివర విరిగి, తరువాతి పాదాల్లో ‘ర’ ప్రాసను నిలబెట్టాయి. లేఖకుడు పొరపాటున ఒక మాట మారిస్తే చాలాసార్లు గణమో యతో ప్రాసో తప్పి, తెలిసినవాడి చెవికి వెంటనే తగులుతుంది. లెక్కను కాపాడటానికి ఇంతకన్నా మంచి ఉపాయం తాటాకు కాలంలో నాకు కనబడదు.

ఇక సంఖ్య సంగతి. ఇది రెండును 64 సార్లు హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చేది. అందుకే ద్విసంఖ్యామానంలో రాస్తే వరుసగా 64 ఒకట్లు. కంప్యూటర్ 64 బిట్లలో, రుణ సంఖ్యలు లేకుండా, పట్టించగల అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే. వర్గాల భేదం సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297ల లబ్ధంగా విడిపోతుంది. ఇవన్నీ ఫెర్మా సంఖ్యలు. వీటిలో చివరిది కూడా ప్రధానసంఖ్యే అనుకున్నాడు ఫెర్మా. అది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ తేల్చాడు. అంటే మల్లన సంఖ్యకు ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు, 128 భాజకాలు. తనను మినహాయించి మిగతా భాజకాలను కూడితే తనకన్నా తక్కువే వస్తుంది కనుక న్యూనసంఖ్య. అంకెల మొత్తం 87. మూడుతో భాగింపబడుతుందనీ, తొమ్మిదితో కాదనీ అక్కడే తెలిసిపోతుంది.

ఇంత లెక్క దాచుకున్న పద్యం బడి పిల్లలకు చేరాలి, తెలుగు రాష్ట్రాల్లోనే కాదు. తెలంగాణ సరిహద్దు దాటగానే బస్తర్ వైపున్న తర్లగూడ లాంటి ఊళ్లలో తెలుగు ఇంటి మాట, హిందీ బడి మాట. ఈ పద్యం అక్కడి పిల్లలకూ చేరాలి. తెలుగు మాస్టారూ లెక్కల మాస్టారూ ఒకే రోజు, ఒకే తరగతిలో నిలబడి దీన్ని చెప్పండి. ఒకరు గణాలు విడదీయండి, ఒకరు కారణాంకాలు.