దుత్త మీద కోపం

డి.ఎడ్. చదివే అమ్మాయిలూ టెట్ పరీక్షకి తయారయ్యే అమ్మాయిలూ మా నేరేడ్‌మెట్‌లో వీధికి ఇద్దరైనా ఉంటారు. మా పై వాటాలో ఉండే అమ్మాయి ఒకతె సైకాలజీ పుస్తకం పట్టుకుని అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటుంది. అందులో మూర్తిమత్వం పాఠం తర్వాత 'రక్షక తంత్రాలు' అని ఒక పాఠం ఉంది. దమనం, ప్రక్షేపణం, హేతుకీకరణం, విస్థాపనం, ప్రతిగమనం... పేర్లు నోరు తిరగనివే కానీ ఉదాహరణలు మాత్రం మన ఇళ్ళల్లోవే. అందని ద్రాక్షపళ్ళు పుల్లన అనుకోవడం హేతుకీకరణం. ఆడలేక మద్దెల ఓడు అనడం ప్రక్షేపణం. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం విస్థాపనం. నాలుగు జవాబుల్లో సరైనది గుర్తిస్తే ఒక మార్కు.

ఆ మూడో ఉదాహరణ దగ్గర నేను ఆగిపోయాను. మిగతా రెండు సామెతల్లో మనిషి ఆడో మగో తెలియదు. ఇక్కడ మాత్రం చెప్పకపోయినా తెలుస్తుంది, కోడలు. పాఠం ప్రకారం ఆమె అహం బలహీనమైనది. ఆందోళనని తట్టుకోలేక, తనకే తెలియకుండా కోపాన్ని అసలు మనిషి నుంచి వేరే వస్తువు మీదకి మళ్ళించింది. నిజంగా తెలియకుండానా? దుత్తని కుదేసిన కోడలికి తన కోపం ఎవరి మీదో తెలియదని నమ్మమంటారా? అత్తని ఎదిరిస్తే రాత్రికి మొగుడితో తన్నులు, తెల్లారితే పుట్టింటికి కబురు. దుత్త తిరిగి కొట్టదు, చాడీ చెప్పదు. ఇందులో అచేతనం ఏమీ లేదు. ఆ ఇంట్లో ఎవరికెంత అధికారం ఉందో కొలుచుకుని చేసిన పని ఇది. అధికారం లెక్కని మనసు బలహీనత కింద రాసేయడం చదువుకున్నవాళ్ళకి మొదటినుంచీ సులువే!

రక్షణ అనే మాట వింటే మా నేరేడ్‌మెట్‌లో ఎవరికైనా ముందు మిలిటరీయే గుర్తొస్తుంది. చుట్టూ సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీ. రిటైరైన సైనికోద్యోగులు కట్టుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. ఫ్రాయిడ్ ఈ మాటని 1894లోనే వాడాడు. అతని ఊహలోనూ మనసు కోట లాంటిదే, దానికి దాడీ ప్రతిఘటనా ఉంటాయి. 1923లో వచ్చిన 'ది ఇగో అండ్ ది ఇడ్'లో మూర్తిమత్వాన్ని మూడుగా విడదీశాడు. కోర్కెల కుప్ప అచిత్తు, తప్పొప్పుల కొరడా పట్టుకున్న అధ్యహం, ఈ రెంటికీ బయటి ప్రపంచానికీ నడుమ నలిగే అహం. పాపం అహం, ముగ్గురు యజమానుల దగ్గర పని చేసే మనిషి అని అతనే జాలిపడ్డాడు. ముగ్గురేనా అని నవ్వొచ్చింది నాకు. అత్త, మామ, మొగుడు, మరుదులు, ఆడబిడ్డలు అందరికీ చాకిరీ చేసే కోడలు ఆ మాట వింటే ఏమంటుందో! సైన్యం సంగతికొస్తే, ఈ కాలనీల్లోనూ ఆడవాళ్ళకి పరిచయమైన మాట ఒకటుంది. "బోర్డర్‌లో ఎన్ని చూసొచ్చాడో పాపం, కాస్త సర్దుకోవాలి." ఆయన చూసొచ్చినవి నిజమే, ఆ గాయమూ నిజమే. కానీ ఆ గాయానికి కట్టు కట్టే పనీ, దాని నెత్తురు తుడిచే పనీ ఎవరికి పడ్డాయో ఆమె మనసు గురించి ఏ డాక్టరూ అడగలేదు.

రక్షక తంత్రాల్ని ఒక పద్ధతిగా పుస్తకంలో పెట్టింది ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్. 1936లో వచ్చిన 'ది ఇగో అండ్ ది మెకానిజమ్స్ ఆఫ్ డిఫెన్స్' ఆమెదే. అంతకుముందు వియన్నాలో బడిపంతులమ్మగా పనిచేసిన మనిషి. మన పాఠ్యపుస్తకాలు ఆమె పేరు చెప్పినా చెప్పకపోయినా ఆ జాబితా చాలావరకు ఆమె చలవే. అయితే ఆమె రాసిన రెండు విషయాలు మాత్రం నేను చూసిన తెలుగు గైడ్లలో సరిగా కనిపించవు. మనకి కావలసినవి ఆ రెండే.

ఒకటి, పీడించేవాళ్ళతో తాదాత్మ్యం చెందడం. భయపెట్టేవాళ్ళని చూసి భయపడే పసివాడు, తానే ఆ భయపెట్టే మనిషి వేషం వేసుకుని భయం పోగొట్టుకుంటాడు. అత్తలేని కోడలుత్తమురాలు అని పాడుకున్న జాతికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్ఫై ఏళ్ళు దుత్తల మీద కోపం తీర్చుకున్న కోడలు ఒకరోజు అత్త అవుతుంది. గయ్యాళి అని పేరొస్తుంది. సూర్యకాంతం వేసిన అత్తల్ని చూసి హాలు హాలంతా నవ్వింది గాని, ఆ అత్తలు ఒకనాడు ఎవరి కోడళ్ళో మన సినిమాలు తీరిగ్గా చూపించిన గుర్తు నాకు లేదు.

రెండోది ఇంకా లోతైనది. ఒక గవర్నెస్ కథ చెబుతుంది అన్నా ఫ్రాయిడ్. చిన్నప్పుడు ఆ పిల్లకి మంచి బట్టల మీదా చాలామంది పిల్లల్ని కనడం మీదా ఎంతో ఆశ. పెద్దయ్యాక పెళ్ళి లేదు, పిల్లలు లేరు, వేసుకునేవి నాసిరకం బట్టలు. తనకేమీ అక్కర్లేదు. కానీ స్నేహితురాళ్ళ బట్టల మీద, వాళ్ళ ప్రేమల మీద, పెళ్ళి సంబంధాల మీద విపరీతమైన శ్రద్ధ. జీవితమంతా ఇతరుల పిల్లలకే. తన కోర్కెల్ని చంపుకోలేదు, ఇంకొకరికి అప్పగించి వాళ్ళలో బతికింది. దీన్ని కూడా ఆమె రక్షక తంత్రమే అంది. తెలుగులో దీనికి మనం పెట్టుకున్న పేరు త్యాగమయి. అమ్మ, వదిన, పెళ్ళికాని పెద్దక్క... సన్మానం చేసి శాలువా కప్పే గుణం మనకిది. దీన్ని రోగం అనమని నేననడం లేదు. దమనం, ప్రక్షేపణం పక్కన ఇది కూడా ఉండి ఉంటే, టెట్ రాసే లక్షలమంది ఆడపిల్లల్లో కొందరైనా తమ తల్లిని గుర్తుపట్టి ఉండేవాళ్ళు.

ఈ కళ్ళతో తెలుగు మనోవైజ్ఞానిక నవలల దగ్గరికి వెళ్దాం. మొదటి మనోవైజ్ఞానిక నవలగా చాలామంది చెప్పే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' రెండూ 1940లవే. సీతారామారావు వంశగౌరవం మోస్తూ ఆస్తి తగలేస్తాడు. తన ఓటమికి లోకాన్ని తప్పుపడతాడు, ప్రతి పిరికితనానికీ ఒక సిద్ధాంతం అల్లుతాడు. ప్రక్షేపణం, హేతుకీకరణం అన్నీ పాఠం చెప్పినట్టే ఉంటాయి. గోపీచంద్ అతన్ని ఎక్కడా వెనకేసుకురాలేదు. పేరులోనే అసమర్థుడు అన్నాడు, రామయ్య తాత చేత చీవాట్లు పెట్టించాడు. ఆ నిజాయితీకి ఆయనకి దణ్ణం పెట్టాల్సిందే. కానీ బయట చిన్నబోయిన మగవాడు ఆ కోపాన్ని ఇంట్లో భార్య మీద, కూతురి మీద తీర్చుకునేటప్పుడు దాన్ని మన విమర్శకులు ఏమన్నారు? అంతర్మథనం అన్నారు. అత్త మీద కోపం దుత్త మీద చూపిన కోడలికి ఒక మార్కు ప్రశ్న, పెళ్ళాం మీద చూపిన సీతారామారావుకి పరిశోధన గ్రంథాలు! తేడా ఒకటే, ఇక్కడ దుత్తకి ప్రాణం ఉంది. ఆమె ఆ రాత్రుల్లో ఏమనుకుందో, ఏ తంత్రంతో నెట్టుకొచ్చిందో నవల చెప్పదు. అతని మనసులోకి వెళ్ళడానికి వంద దారులు వేసిన రచయిత ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

దయానిధి సంగతి వేరు, అతను చెయ్యెత్తే మనిషి కాదు. తల్లి మీద పడ్డ మచ్చ అతన్ని వెంటాడుతుంది. ఏ స్త్రీనీ పూర్తిగా దగ్గరికి రానివ్వడు. కోమలి, అమృతం, సుశీల, ఇందిర... ఒకరిని అందంగా, ఒకరిని ఆదరణగా, ఒకరిని బాధ్యతగా చూస్తాడు. ఒక మనిషిని ఇన్ని ముక్కలుగా పంచుకోవడం అతని రక్షణ. ఇష్టంగా మళ్ళీ మళ్ళీ చదివే నవల అది నాకు, ఆ వాక్యాల వెన్నెల కోసం. అయినా ఒక ప్రశ్న వదలదు. అన్నిటికీ మూలమైన ఆ తల్లి కథ ఆమె నోట మనం వినం. ఊరి గుసగుసలో, కొడుకు గాయంలో మాత్రమే ఆమె ఉంది. కొడుకు మూర్తిమత్వానికి పునాది ఆమె, పునాది కాబట్టే పైకి కనిపించదు. ఆమె ఎవరినైనా ప్రేమించి ఉంటే అది ఆమెకి ఏమిటి? సుఖమా, తప్పించుకోవడమా? చలం 'మైదానం'లో 1927లోనే రాజేశ్వరి చేత 'నేను' అనిపించాడు. ఇరవై ఏళ్ళ తర్వాత మనోవిజ్ఞానం చదువుకుని వచ్చిన నవల ఆ 'నేను'ని మళ్ళీ మగవాడికే ఇచ్చేసింది.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' నాకు ఇక్కడే అవసరమైంది. ఇల్లలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ మనం అందరం విన్నదే. సత్యవతి గారి కథలో ఇల్లు అలికీ తుడిచీ ఒక ఇల్లాలు తన పేరు మరిచిపోతుంది. ఫ్రాయిడ్ కూడా ఒకసారి పేరు మరిచిపోయాడు, ఒక ఇటాలియన్ చిత్రకారుడిది. 1898లో దానిమీద ఏకంగా వ్యాసమే రాశాడు, ఆ మరుపు వెనక దమనం ఉందని తేల్చాడు. అతను మరిచింది వేరొకరి పేరు. ఈవిడ మరిచింది తన పేరు. అదీగాక దీన్ని దమనం అనడానికి లేదు, ఎందుకంటే ఆ పేరు ఆమెకి నొప్పి కాదు. ఎవరూ పిలవక అరిగిపోయిన పేరు అది. లోపలి కాపలావాడు దాచలేదు, బయటివాళ్ళు వాడటం మానేశారు. అందుకే అది దొరకడం కూడా ఏ వైద్యుడి సోఫా మీదా కాదు. పాత స్నేహితురాలు ఒకామె నోరారా "శారదా" అని పిలిస్తే దొరికింది, దాంతోపాటు పాటలు పాడిన, బొమ్మలు వేసిన, బళ్ళో ఫస్టు వచ్చిన పిల్ల కూడా. మనసు నిర్మాణంలో స్నేహితురాలికి చోటెక్కడ? మూడంతస్తుల ఆ మేడలో ఆమెకి గది కట్టలేదు.

రక్షక తంత్రాలన్న ఆలోచననే పారేయాలని నేననడం లేదు. గవర్నెస్‌ని చూపించింది ఆ ఆలోచనే కదా. నేను అడిగేది, మగ పాత్రల దగ్గర ఎంత ఓపిగ్గా దాన్ని వాడామో పక్కన ఉన్న ఆడవాళ్ళ దగ్గర కూడా అంత ఓపిగ్గా వాడమని, అంతకంటే ముందు ఆమెకున్నది లోపలి భయమో బయటి బెత్తమో చూసి చెప్పమని. బుచ్చిబాబు గారి భార్య శివరాజు సుబ్బలక్ష్మి కథలు రాశారు, బొమ్మలు వేశారు. 1925లో పుట్టి 2021లో వెళ్ళిపోయారు. ఆవిడ కథల సంపుటి ఒకదాని పేరు 'మనోవ్యాధికి మందుంది'. దయానిధి మీద వచ్చిన వ్యాసాలకి లెక్కలేదు గానీ ఆ మందేమిటో అడిగిన వ్యాసం ఒక్కటీ నా కంటపడలేదు. ఇప్పుడు ఆ సంపుటి నా బల్ల మీద ఉంది, సగం చదివాను.