సంత సరే, ఆశీలు ఎవరిది?

ఎరిక్ రేమండ్ రాసిన ‘ది కథీడ్రల్ అండ్ ది బజార్’ వ్యాసాన్ని ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో, హాస్టల్లో సీనియర్ ఇచ్చిన జిరాక్స్ కాపీలో చదివాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళందరూ కలిసి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కట్టేస్తున్నారంటే, ఆ వయసులో అంతకన్నా గొప్ప కథ ఏముంటుంది? ఈమధ్య పుస్తకం కొనుక్కుని మళ్ళీ చదివాను. కథ ఇప్పటికీ బాగుంది. పోలిక దగ్గరే పేచీ వచ్చింది.

రేమండ్ ఈ వ్యాసాన్ని మొదట 1997లో జర్మనీలో జరిగిన లినక్స్ సదస్సులో వినిపించాడు. ఆయన లెక్కలో సాఫ్ట్‌వేర్ రాయడానికి రెండు దారులు. కొద్దిమంది నిపుణులు తలుపులేసుకుని, పూర్తయ్యేదాకా ఎవరికీ చూపించకుండా చర్చి కట్టడం ఒకటి. సంతలోలాగా ఎవరికి చేతనైంది వాళ్ళు తెచ్చి పరచడం రెండోది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ ఈ రెండో దారిలోనే ఎదిగింది. ఆ దారిని రేమండ్ తన ఫెచ్‌మెయిల్ ప్రోగ్రామ్ మీద ప్రయోగించి చూశాడు. ఆ అనుభవం చెప్పే పేజీలే వ్యాసానికి ప్రాణం.

చర్చి అంటే మైక్రోసాఫ్ట్ అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. నిజానికి ఆయన చర్చికి ఇచ్చిన ఉదాహరణల్లో ఈమాక్స్ ఉంది. అదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే! అంటే ఆయన పోల్చింది రెండు పని పద్ధతులను మాత్రమే. యజమాని ఎవరన్న ప్రశ్న ఆ పోలికలోకి మొదట్నుంచీ రానేలేదు.

మన ఊళ్ళ సంతలు చూసినవాళ్ళకి ఆ ప్రశ్న ముందే తడుతుంది. సంతలో ఎవరైనా కూరగాయలు అమ్ముకోవచ్చు. కానీ ఆశీలు వసూలు చేసే హక్కుని పంచాయతీ వేలం వేస్తుంది. పాడుకున్నవాడు గట్టు మీద రసీదు పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు.

సెంట్ఓఎస్ సంగతి చూడండి. రెడ్ హ్యాట్ బయటపెట్టిన సోర్స్ కోడ్‌తోనే కొందరు వాలంటీర్లు తయారుచేసిన ఉచిత వ్యవస్థ అది. 2014లో ఆ ప్రాజెక్టు రెడ్ హ్యాట్ గొడుగు కిందకి వచ్చింది. 2019లో ఐబీఎం 3,400 కోట్ల డాలర్లకు రెడ్ హ్యాట్‌ని కొన్నది. 2029 దాకా సపోర్టు ఉంటుందని జనం నమ్ముకున్న సెంట్ఓఎస్ 8ని 2021 చివరికే ఆపేస్తామని 2020 డిసెంబర్లో ప్రకటన వచ్చింది. 2023 జూన్‌లో ఇంకో అడుగు: సెంట్ఓఎస్ స్ట్రీమ్ కోడ్ అందరికీ, అసలు ఎంటర్‌ప్రైజ్ లినక్స్ కోడ్ మాత్రం కస్టమర్లకే. జీపీఎల్ లైసెన్స్ అడిగేది కూడా ప్రోగ్రామ్ అందుకున్నవాళ్ళకి కోడ్ ఇమ్మనే. లైసెన్స్ మారలేదు, ఆశీలు మారింది.

రేమండ్‌కి డబ్బు సంగతి పట్టలేదని అనలేం. ఇదే పుస్తకంలోని ‘ది మ్యాజిక్ కాల్డ్రన్’ వ్యాసమంతా వ్యాపారం గురించే. వంట గుట్టు ఊరికే చెప్పేసి, హోటల్ పెట్టుకుని బతకొచ్చంటాడు. హోటల్లో తిన్నవాళ్ళకే గుట్టు చెప్పే రోజు ఒకటి వస్తుందని ఆ లెక్కలో లేదు.

రెడ్ హ్యాట్ వైపూ న్యాయం ఉంది. కెర్నల్ పనిచేసే ఎంతోమంది ఇంజనీర్లకు జీతాలిచ్చేది ఇలాంటి కంపెనీలే. నేను కూడా జీతగాణ్ణే, సెలవు రోజు రాసిన కోడ్‌తో ఇల్లు గడవదని నాకు తెలుసు. పైగా సంత చచ్చిపోలేదు. సెంట్ఓఎస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కుర్ట్జర్ రాకీ లినక్స్ మొదలుపెట్టాడు, అల్మాలినక్స్ కూడా వచ్చింది. రెండూ 2021లోనే చేతికందాయి. ఒకచోట పొమ్మంటే ఇంకోచోట సంత పెట్టుకోవచ్చన్న ధీమా ఉత్తిది కాదని తేలింది. అంతవరకు రేమండ్ గెలిచాడు. అయితే 2023లో ఎంటర్‌ప్రైజ్ కోడ్ అందుబాటులో ఉంచడానికి ఏర్పడిన ఓపెన్ఈఎల్ఏలో ఉన్నదెవరు? ఒరాకిల్, సూసే, సీఐక్యూ. కొత్త గట్టు మీదా రసీదు పుస్తకాలు కనిపిస్తున్నాయి.

పుస్తకం చదవొద్దని అనను. పరాయివాళ్ళ మంచితనం మీద ఇంత నమ్మకంతో రాసిన సాంకేతిక పుస్తకాలు తక్కువ. కానీ మొదటి పేజీల నుంచే చదవండి. 1999లో పుస్తకంగా వచ్చినప్పుడు దానికి ముందుమాట రాసింది బాబ్ యంగ్, రెడ్ హ్యాట్ వ్యవస్థాపకుల్లో ఒకరు. అదే ఏడాది ఆగస్టులో ఆ కంపెనీ షేర్ మార్కెట్‌కి వెళ్ళింది.

నా జిరాక్స్ కాపీలో ఆ ముందుమాట లేదు.